గృహిణికీ గురి కావాలి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పచ్చళ్ళ గురించో, పిల్లల చదువుల గురించో నాలుగు మాటలు చెప్పుకునే ఈ వేళప్పుడు పిస్తోలు షూటింగు గురించి మాట్లాడబోతున్నానంటే మీలో చాలామంది, "ఇదేం విడ్డూరమమ్మా!" అని ముక్కున వేలేసుకోవచ్చు. కానీ నరకాసురుడి మీద సత్యభామ విల్లెక్కుపెట్టిందని ఏటా దీపావళికి పిల్లలకు కథ చెప్పేది మనమే కదా! ఆడదాని చేతికి గురి కొత్తేమీ కాదు. మధ్యలో మనం మరిచిపోయాం, అంతే.

ముఖ్యంగా హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల వైపు కాపురం ఉంటున్న వారికి ఈ మాట చెప్పాలనిపించింది. అక్కడి అద్దాల మేడల గురించి అందరికీ తెలుసు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఆ రాళ్ళగుట్టల మీద ఊరికి ఊరే లేచింది. ఆ మేడలకు కూతవేటు దూరంలోనే, గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగు రేంజి ఉందన్న సంగతి మాత్రం ఆ వీధుల్లోనే పదేళ్ళుగా కూరగాయలు కొంటున్న వారిలోనూ చాలామందికి తెలియదు.

ఈ ఆటలో మన నగరానిది చిన్న పేరు కాదు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్య పతకం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడే. 1997లో తండ్రి ఓ ఎయిర్ పిస్తోలు కొనిస్తే, బేగంపేటలో తమ ఇంటి పెరట్లోనే సాధన మొదలుపెట్టాడు. 2003 అక్టోబరులో మన నగరంలో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగితే అందులో స్వర్ణం గెలిచాడు. తరవాత 2011లో పవన్ సింగ్‌తో కలిసి గన్ ఫర్ గ్లోరీ అనే శిక్షణ సంస్థ పెట్టాడు.

ఇక మన ఆడపిల్ల సంగతి. ఈషా సింగ్ 2005లో పుట్టింది. తొమ్మిదేళ్ళ వయసులో పిస్తోలు పట్టింది. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో, పదమూడేళ్ళ పిల్ల, మను భాకర్‌నూ హీనా సిద్ధూనూ దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో పెద్దల విభాగం స్వర్ణం గెలుచుకుంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు, మొత్తం నాలుగు పతకాలు తెచ్చింది. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్తోలులో 18వ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అక్కడితో ఆగిపోలేదు. 2025 సెప్టెంబరులో చైనాలోని నింగ్బోలో జరిగిన ప్రపంచ కప్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో స్వర్ణం గెలిచింది.

"అది చిన్నపిల్లల మాట. నలభై దాటినవాళ్ళం మాకెందుకు?" అంటారా? ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ జిల్లా జోహ్రీ అనే పల్లెటూళ్ళో చంద్రో తోమర్ అనే ఆవిడ ఉండేవారు. అరవై దాటాక, మనవరాలికి తోడుగా రేంజికి వెళ్ళి, అక్కడ తనే పిస్తోలు పట్టుకున్నారు. ఆమెకు వరసకు తోడికోడలైన ప్రకాశీ తోమర్ కూడా అదే దారి పట్టారు. మొదట ఊరు నవ్వింది. తరవాత అదే ఊరు తన ఆడపిల్లల్ని వాళ్ళ వెంట పంపించింది. 2019లో వాళ్ళ మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. చంద్రో అవ్వ 2021లో కన్నుమూశారు.

ఈ ఆటలో కండబలంతో పని తక్కువ. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలో ఆడా మగా కలిసే పాల్గొన్నారు. అమెరికాకు చెందిన మార్గరెట్ మర్డాక్‌కు, మొదటి స్థానం వచ్చిన లానీ బాషమ్‌కు పాయింట్లు సమానంగా వచ్చాయి. లెక్కల్లో ఆమెకు రజతం దక్కితే, ఆయన ఆమెను చెయ్యి పట్టుకుని తన మెట్టు మీదికి తీసుకున్నాడు. ఆ తరవాత 1984 నుంచి ఆడవాళ్ళకు వేరే పోటీలు పెట్టారు. మహిళల ఎయిర్ పిస్తోలు 1988లో సియోల్‌లో వచ్చింది. అప్పట్లో మగవాళ్ళకు 60 గుళ్ళు, మనకు 40. 2018 నుంచి ఇద్దరికీ 60 చేశారు. ఇప్పుడు లెక్క సరిసమానం.

సరే, అసలు ఈ ఆట ఏమిటో చెప్పుకుందాం. సినిమాల్లోనూ, ఇంటర్నెట్టులోనూ మీరు చూసే పిస్తోలు పోటీలు కొన్ని వేరే రకం. పరుగెత్తుతూ, గోడల చాటు నుంచి తొంగిచూస్తూ, ఒకదాని తరవాత ఒకటి నాలుగైదు గురులు కొట్టే పోటీలు. దాన్ని ప్రాక్టికల్ షూటింగ్ అంటారు. 1976లో దానికి అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. విదేశాల్లో ఎక్కువగా 9 మిల్లీమీటర్ల పిస్తోళ్ళతో ఆడతారు. మన దేశంలో ఆ 9 మిల్లీమీటర్ల బోరు మామూలు పౌరులకు నిషిద్ధం. అందుచేత మనలాంటివారు మొదలుపెట్టవలసిన మెట్టు అది కాదు. మన మెట్టు 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు. ఇందులో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు వెళుతుంది. కుక్కర్ విజిల్ కన్నా తక్కువ చప్పుడు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం, గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించకుండా, గుండు శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉన్న ఎయిర్ పిస్తోలుకు లైసెన్సు అక్కర్లేదు. పోటీలకు వాడేవి ఈ హద్దులోనే ఉంటాయి. తరవాతి మెట్టు అయిన 25 మీటర్ల పోటీకి వాడే .22 పిస్తోలుకు మాత్రం లైసెన్సు తప్పనిసరి. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు వారైతే అందుకు సైబరాబాద్ పోలీస్ కమిషనర్ కార్యాలయానికి వెళ్ళాలి. ఆ మాట ఒకటి రెండేళ్ళ తరవాత ఆలోచించుకోవచ్చు.

ఇంకొక మాట నిక్కచ్చిగా చెప్పాలి. రాత్రిపూట క్యాబుల్లో ఒంటరిగా వచ్చే ఆడపిల్లల కోసమని, ఆత్మరక్షణకు పనికొస్తుందని కొందరు తల్లులు ఈ విద్య నేర్పించాలనుకుంటారు. దయచేసి ఆ ఉద్దేశంతో రాకండి. ఎయిర్ పిస్తోలు ఆటవస్తువు కాదు, ఆయుధంగానూ పనికిరాదు. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగితే రక్షణ మాట దేవుడెరుగు, లేనిపోని ప్రమాదాన్ని మనమే కొని తెచ్చుకున్నట్టవుతుంది. ఇది రేంజిలో ఆడే ఆట. రేంజి గుమ్మం దాటాక దాని చోటు పెట్టెలో, తాళం కింద. అంతే.

మరి ఎలా మొదలుపెట్టాలి?

మొదట ఒక రోజు ఊరికే వెళ్ళి చూసి రండి. ఏ పూట ఎవరు నేర్పుతారు, కొత్తవారికి అక్కడి పిస్తోలు ఇస్తారా, నెలకు రుసుము ఎంత, గుళ్ళకూ టార్గెట్ అట్టలకూ వేరే కట్టాలా, ఆడవాళ్ళు ఏ వేళల్లో ఎక్కువగా వస్తారు అని అడగండి. గుర్తింపు కార్డు, ఫోటోలు వెంట ఉంచుకోండి. పెద్దపెద్ద పతకాల ఫోటోలు గోడ నిండా ఉన్నాయా అని కాదు, కొత్తగా చేరినవారి పక్కన గురువు నిలబడి నేర్పుతున్నారా లేదా అన్నది చూడండి. మొదటి నెల పక్కన మనిషి లేకపోతే చెయ్యి తప్పుదారి పడుతుంది. పడిన అలవాటు వదిలించుకోవడానికి ఆరు నెలలు పడుతుంది.

బట్టల మాటకొస్తే చుడీదారు హాయి. చీరే కట్టుకుంటామంటే కొంగు నడుముకు గట్టిగా దోపుకోండి. గాలికి కొంగు కదిలితే మనసూ కదులుతుంది. వీలైతే జేబున్న కమీజు కుట్టించుకోండి. ఎందుకో ముందు ముందు చెబుతాను. కాళ్ళకు మడమ ఎత్తు లేని, అడుగు చదునుగా ఉన్న బూట్లు కావాలి. పోటీల్లో పిస్తోలు వాళ్ళ బూట్లు చీలమండ కప్పకూడదని నియమం కూడా ఉంది. గాజులు కుడిచేతికి తీసేయడం మేలు.

మొదటి రోజు పిస్తోలు ఇవ్వకుండా నియమాలు చెబుతుంటే విసుక్కోకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. గుర్తుంచుకోవలసినవి నాలుగు. పిస్తోలు ఖాళీగా ఉందని తెలిసినా సరే, లోపల గుండు ఉన్నట్టే చూడాలి. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. ఎవరైనా "వదినా!" అని పిలిచినా పిస్తోలుతో సహా తిరగకూడదు, ముందు కింద పెట్టి తిరగాలి. గురి చూసేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. కాల్చనప్పుడు గొట్టంలోంచి రంగు దారం బయటికి కనబడేటట్టు ఉంచాలి. అది ఉంటే లోపల గుండు లేదని పక్కవారికి దూరం నుంచే తెలుస్తుంది.

రేంజి అధికారి "లోడ్" అంటేనే గుండు పెట్టడం, "స్టార్ట్" అంటేనే కాల్చడం, "స్టాప్" అంటే అప్పటికప్పుడు ఆగడం. ఇందులో మొహమాటాలు లేవు. "ఇంకొక్కటే కదా" అన్న మాట ఈ ఆటలో చెల్లదు.

ఇంకొక జాగ్రత్త మన ఇళ్ళకు సంబంధించింది. ఆ గుళ్ళు సీసంతో చేసినవి. సీసం ఒంట్లోకి పోతే చేటు, పసిపిల్లలకు మరీ చేటు. రేంజిలో ఏమీ తినకండి. వచ్చేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆ చేత్తో పిల్లవాడికి ముద్ద కలపకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుతో మాట్లాడి గానీ మొదలుపెట్టకూడదు. గుళ్ళ డబ్బా వంటింటి అలమరలో మినపప్పు డబ్బా పక్కన అసలు పెట్టకండి.

ఇక విద్యలోకి వద్దాం.

టార్గెట్ అట్ట 17 సెంటీమీటర్ల చదరం. మధ్యలో ఆరు సెంటీమీటర్ల నల్లని చుక్క, అంటే దాదాపు ఒక పానీపూరీ అంత. అందులో 7 నుంచి 10 దాకా వలయాలు. 10 పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. పది మీటర్ల దూరాన్నుంచి, ఒంటి చేత్తో, ఆ గుండీని తాకాలి. వినడానికి అసాధ్యంలా ఉంటుంది. మొదటి రోజు అట్టకు తగిలితే చాలు.

కాళ్ళు భుజాల వెడల్పున పెట్టి, టార్గెట్‌కు కాస్త పక్కగా నిలబడాలి. పిస్తోలు పట్టని చెయ్యి ఊగకుండా జేబులో ఉండాలి. జేబున్న కమీజు కుట్టించుకోమన్నది అందుకే. పిస్తోలును కరచాలనం చేసినంత గట్టిగా పట్టుకుంటే చాలు, రోకలి పట్టినట్టు బిగించనక్కర్లేదు. చెయ్యి టార్గెట్ కన్నా కొంచెం పైకి లేపి, ఊపిరి సగం వదులుతూ మెల్లగా దించాలి. ఊపిరి ఆపి ఆరేడు సెకన్లలో కాల్చాలి. ఆ లోగా కుదరకపోతే? చెయ్యి దించేయాలి. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. ఎత్తిన చెయ్యి కాల్చకుండా దించడం ఓటమి కాదు. మంచి ఆటగాళ్ళు పోటీలో కూడా అలా దించుతూనే ఉంటారు. పొయ్యి మీద పాకం ముదిరిపోతోందని తెలిసీ గరిటె తిప్పుతూ కూర్చుంటామా?

కన్ను ఎక్కడ ఉండాలన్నది అసలు కిటుకు. ద్రోణాచార్యుడు అడిగితే అర్జునుడు తనకు పక్షి తల తప్ప మరేమీ కనబడటం లేదన్న కథ మనందరికీ తెలుసు. పిస్తోలులో ఆ సూత్రం తిరగబడుతుంది. ఇక్కడ టార్గెట్ మసకగానే కనబడాలి. పిస్తోలు కొసన ఉండే ముందు సైటు మాత్రం స్పష్టంగా కనబడాలి. వెనుక సైటులో ఉన్న గాడి మధ్యలో ఈ ముందు సైటు సరిగ్గా నిలిచి, పైఅంచులు రెండూ ఒకే మట్టంలో ఉండాలి. ఎందుకంటారా? చెయ్యి మొత్తం కాస్త అటూ ఇటూ జరిగితే గుండు ఆ కాస్తే జరుగుతుంది. సైట్లు ఒకదానికొకటి వంకరపోతే ఆ తేడా పది మీటర్లు వెళ్ళేసరికి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చత్వారం వచ్చినవారు ఇక్కడ ఒక పని చేయాలి. పుస్తకం చదివే కళ్ళద్దాలు ఇందుకు సరిపోవు, దూరపు అద్దాలూ సరిపోవు. ముందు సైటు మన చెయ్యి చాచినంత దూరంలో, ఇంకాస్త ముందుకు ఉంటుంది. కళ్ళ డాక్టరుకు ఆ దూరం కొలిచి చెప్పి, ఆ దూరానికి అద్దం రాయించుకోండి. "నాకు వయసైపోయింది, సైటు కనబడటం లేదు" అని మానేయబోయేవారికి చాలాసార్లు ఆ అద్దమే మందు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. "నా చెయ్యి వణుకుతుందండీ. నేను పనికొస్తానా?"

అమ్మా, అందరి చెయ్యీ వణుకుతుంది. ఈషా సింగ్ చెయ్యీ కదులుతుంది. బతికున్న మనిషికి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది. కిలో బరువు చాచిన చేత్తో పట్టుకుంటే ఆ కొస రాయిలా నిలవదు. సాధనతో ఆ కదలిక తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. కొత్తవారు అనుకునేది ఏమిటంటే, సైటు సరిగ్గా మధ్యకు వచ్చిన క్షణంలో టక్కున నొక్కేయాలని. ఆ టక్కున నొక్కడంలోనే పిస్తోలు మూతి పక్కకు లాగేసి గుండు 5లోకో 6లోకో పోతుంది. చెయ్యవలసింది వేరు. ఆ కదలికను మధ్యలో చిన్న పరిధిలో అలా ఆడనిచ్చి, ట్రిగ్గర్‌ను మాత్రం మెత్తగా, ఆపకుండా, వెనక్కి నొక్కుతూ పోవాలి. పోటీ ఎయిర్ పిస్తోలు ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల ఒత్తిడికి కదలాలని నియమం, అంటే అరకిలో పంచదార పొట్లాం బరువు. అది ఎప్పుడు పేలిందో మనకే కాస్త ఆశ్చర్యం కలగాలి.

ఈ విద్యలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇదే. మన బతుకుల్లో ఎన్ని పనులు, అన్నీ సర్దుకున్నాక మొదలుపెడదామని వాయిదా వేసుకుంటాం! పిల్లల పరీక్షలు అయ్యాక, అత్తగారి కంటి ఆపరేషన్ అయ్యాక, అప్పు తీరాక. అన్నీ నిలకడపడే రోజు రాదు. చెయ్యి కదులుతుండగానే గురి కుదుర్చుకోవడం ఈ ఆటలో మొదటి నెలలోనే నేర్పుతారు.

మొదటి వారాల్లో పాయింట్లు లెక్కపెట్టకండి. కొందరు గురువులు నల్లచుక్క లేని తెల్ల అట్ట పెట్టి కాల్పిస్తారు. పది గుళ్ళూ ఒకేచోట గుంపుగా పడుతున్నాయా అన్నదే చూడాలి. గుంపు మూలన పడినా ఫరవాలేదు. సైటు మరను రెండు తిప్పులు తిప్పితే అది మధ్యకు వస్తుంది. చెల్లాచెదురుగా పడి, అదృష్టవశాత్తూ ఒకటి 10లో పడితే దానివల్ల లాభమేమీ లేదు.

ఇంట్లో చేసే సాధనకు పిస్తోలు కూడా అక్కర్లేదు. లీటరు నీళ్ళ సీసా బరువు కిలో. ఎయిర్ పిస్తోలు కూడా దాదాపు అంతే. మొదట అరలీటరు సీసాతో మొదలుపెట్టండి. చెయ్యి చాచి పదిహేను సెకన్లు నిలపండి, నిమిషం విశ్రాంతి. అలా పదిసార్లు. పప్పు ఉడికేలోగా అయిపోతుంది. భుజం పట్టేసినవారు, మెడనొప్పి ఉన్నవారు ముందు డాక్టరును అడగండి. సొంత పిస్తోలు వచ్చాక, గుండు లేకుండా తెల్లగోడ వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కే సాధన ఉంది. పెద్ద ఆటగాళ్ళు నిజంగా కాల్చే గుళ్ళ కన్నా ఇలా ఉత్తుత్తిగా కాల్చేవే ఎక్కువ. కానీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గదిలో పిల్లలు లేనప్పుడు, తలుపు గడియ వేసుకుని మాత్రమే.

డబ్బు మాట చెప్పకపోతే గృహిణుల సభలో ప్రసంగం పూర్తికాదు కదా. ఈ ఆటలో ఇళ్ళు గుల్లయ్యేది ఇక్కడే. పోటీలకు వాడే విదేశీ పిస్తోలు ఖరీదు లక్ష రూపాయలు దాటుతుంది. పిల్లవాడు చేరిన వారానికే, పక్కింటివారి అబ్బాయికి ఉందని, అప్పు చేసి కొనేస్తారు. మూడు నెలలకు పిల్లవాడు క్రికెట్ అంటాడు. పెట్టె అటక ఎక్కుతుంది. కనీసం ఆరు నెలలు రేంజి పిస్తోలుతోనే గడపండి. పిస్తోలు పిడి చేతికి అతికినట్టు ఉండాలి. మీ అరచెయ్యి కొలత ఏమిటో, మీకు ఏది కుదురుతుందో ఆ ఆరు నెల్లలో గురువుకూ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. పాతది కొంటే గాలి సిలిండరు మీద వేసిన తేదీ చూడండి. ఆ సిలిండర్లు 200 బార్ల ఒత్తిడి తట్టుకోవాలి. పదేళ్ళు దాటినవాటిని పోటీల్లో రానివ్వరు. తేదీ చూడకుండా చవకగా వచ్చిందని సంబరపడితే, చివరకు కొత్త సిలిండరు ఖర్చు నెత్తిన పడుతుంది.

కొంత పట్టు చిక్కాక పోటీకి వెళ్ళండి. తెలంగాణ రైఫిల్ అసోసియేషన్ రాష్ట్ర పోటీలు జరుపుతుంది. అక్కడ నిర్ణీత పాయింట్లు వచ్చినవారికి పై మెట్లుంటాయి. దేశమంతటికీ పెద్ద సంస్థ 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ అసోసియేషన్. దాని మొదటి అధ్యక్షుడు మావలంకర్ పేరు మీద జరిగే పోటీలు జాతీయ పోటీలకు మెట్టులాంటివి. వయసు పైబడినవారికి మాస్టర్స్, సీనియర్ మాస్టర్స్ అని వేరే విభాగాలున్నాయి కాబట్టి పదహారేళ్ళ పిల్లతో పోటీ పడవలసి వస్తుందన్న బెంగ అక్కర్లేదు.

పోటీలో మొదట పదిహేను నిమిషాలు సరిచూసుకోవడానికి ఇస్తారు. తరవాత 75 నిమిషాల్లో 60 గుళ్ళు. ఒక్కొక్కదానికి నిమిషం పావు అన్నమాట. అంతా 10లోనే పడితే 600. కొత్తవారికి 450 వస్తే సంతోషించవచ్చు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ అర్హత పోటీలో 580 కొట్టి, ఫైనల్లో కాంస్యం గెలిచి, షూటింగులో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయింది. అంతకు మూడేళ్ళ ముందు టోక్యోలో అదే అమ్మాయికి పోటీ మధ్యలో పిస్తోలు చెడిపోయింది. బాగుచేసుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి. ఫైనల్ చేరలేక కన్నీళ్ళతో వెనుదిరిగింది. ఈ రెండు రోజులూ ఒకే మనిషివి.

ఇంకా ముందుకు పోదలచినవారికి 25 మీటర్ల పిస్తోలు ఉంది. అందులో సగం గుళ్ళు నిదానంగా, సగం వేగంగా. వేగం భాగంలో పచ్చదీపం మూడు సెకన్లు వెలుగుతుంది. కిందికి దించి ఉంచిన చెయ్యి ఆ మూడు సెకన్లలో లేపి ఒక గుండు కాల్చి మళ్ళీ దించాలి. ఏడు సెకన్ల తరవాత మళ్ళీ పచ్చదీపం. మొదట చెప్పిన ప్రాక్టికల్ షూటింగులోని వేగం రుచి చూడాలనుకునేవారికి మన దేశంలో దగ్గరి దారి ఇదే. నిదానమే ప్రధానం అని ముందు నేర్చుకున్నవారికే ఈ వేగం పట్టుబడుతుంది.

చివరగా తల్లులకు ఒక మనవి. ఏ రేంజికైనా సాయంత్రం పూట వెళ్ళి చూడండి. లోపల పిల్లలు, బయట కుర్చీల్లో అమ్మలు. ఒడిలో టిఫిన్ డబ్బా, చేతిలో ఫోను, కళ్ళు గడియారం మీద. పిల్ల బయటికి రాగానే, "ఎన్ని వచ్చాయి?" అన్న ప్రశ్న. ఆ ప్రశ్న పిల్ల భుజం మీద కిలో పిస్తోలు కన్నా బరువుగా కూర్చుంటుంది. ఆ బయట కూర్చునే గంట మీదే కదా! దాన్ని మీకోసం వాడుకోండి. పక్క లేనులో మీరూ నిలబడండి. చెయ్యి ఎలా కదులుతుందో, ఒక 8 కోసం ఎంత పాట్లు పడాలో మీకే తెలిశాక ఇంటికి వెళ్ళే దారిలో మీరు అడిగే ప్రశ్న మారిపోతుంది. "ఈ రోజు ట్రిగ్గర్ మెత్తగా వచ్చిందా?" అని అడుగుతారు. పిల్ల మీకేసి కొత్తగా చూస్తుంది.

"ఆడదానికి తుపాకీ ఏమిటి?" అని ఇంట్లో పెద్దవారు అంటే వాదించకండి. ఒక రోజు వెంట తీసుకువెళ్ళి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. అక్కడ అరుపులు ఉండవు, తోపులాటలు ఉండవు. అందరూ గుడిలో లాగా నెమ్మదిగా నడుస్తుంటారు. ఆ నిశ్శబ్దం చూస్తే వారి భయం సగం తగ్గుతుంది.

అరవై దాటాక మొదలుపెట్టిన చంద్రో అవ్వ మనకంటే ఏ విధంగానూ తీరికైన మనిషి కాదు. పశువులూ, పొలమూ, పెద్ద సంసారమూ ఉన్న ఇల్లాలు. వారానికి రెండు గంటలు మీ పేరున రాసుకోండి. క్యాలెండరు మీద గ్యాసు బుక్ చేసిన తేదీ పక్కనే రాసుకోండి. ఆరు నెలల తరవాత మీ అట్ట మీద గుళ్ళు ఎక్కడ పడినా, గుంపుగా పడితే చాలు.